ఫోస్టర్ కేర్‌లో పిల్లలు ఎంతకాలం ఉంటున్నారో లెక్కించడం ఎలా?

ప్రశ్న: వంశధార_గుణుపురం

అందరికీ నమస్కారం. నేను ఒడిశాలోని రాయగడ జిల్లాలో బాలల సంరక్షణ పనిలో ఉన్నాను. గుణుపురం, పద్మపురం ప్రాంతాలతో పాటు గజపతి జిల్లాలోని కాశీనగరం, పర్లాకిమిడి వైపు నుంచి వచ్చే పిల్లల వ్యవహారాలు కూడా అప్పుడప్పుడు మా చేతుల మీదుగా నడుస్తుంటాయి. ఇక్కడ చాలా ఇళ్లలో తెలుగు, కార్యాలయాల్లో ఒడియా, కొండ గ్రామాల్లో సవర, కుయి భాషలు వినిపిస్తాయి. పని గురించి తెలుగులో నిదానంగా చర్చించుకునే అవకాశం మాకు తక్కువ కాబట్టి ఈ ప్రశ్నను ఇక్కడ పెడుతున్నాను.

ఫోస్టర్ కేర్ అంటే సొంత ఇంట్లో ఉండలేని బిడ్డను దత్తత లేకుండా మరో కుటుంబంలో ఉంచి పెంచడం. మేము పంపవలసిన నివేదికలో ‘ఒక బిడ్డ ఫోస్టర్ కేర్‌లో సగటున ఎంతకాలం ఉంటోంది’ అనే గడి ఒకటి ఉంది. దాన్ని నింపడానికి మూడు దారులు కనిపించాయి. ఈ రోజు ఫోస్టర్ కుటుంబాల్లో ఉన్న పిల్లలందరినీ తీసుకుని, ప్రతి ఒక్కరూ వచ్చి ఎన్ని నెలలైందో కూడి సగటు తీయడం మొదటి దారి. గత ఆర్థిక సంవత్సరంలో ఫోస్టర్ కుటుంబాల నుంచి వెళ్లిపోయిన పిల్లలు అప్పటివరకు ఎన్ని నెలలు గడిపారో చూడడం రెండవ దారి. కుటుంబానికి నెలనెలా చెల్లించే సహాయపు రిజిస్టరులో ఎన్ని నెలల చెల్లింపులు నమోదయ్యాయో లెక్కపెట్టడం మూడవది. ఈ మూడు దారుల్లో వచ్చిన అంకెలకు ఒకదానితో ఒకటి ఏమాత్రం పొంతన కుదరడం లేదు. ఏది పంపినా దాన్ని ఆధారం చేసుకుని నిధుల గురించి, కొత్త కుటుంబాల ఎంపిక గురించి ఎవరో ఒకరు నిర్ణయం తీసుకుంటారు. అందువల్ల ఏదో ఒకటి రాసి పంపడానికి మనసు ఒప్పుకోవడం లేదు.

దీనికి తోడు మరికొన్ని సందేహాలు ఉన్నాయి. ఒక ఇంట్లో కొన్నాళ్లు ఉండి మరో ఇంటికి మారిన బిడ్డను ఒకరిగా లెక్కించాలా, ఇద్దరిగా లెక్కించాలా? తల్లిదండ్రులు ఇటుక బట్టీల నుంచి తిరిగివచ్చిన కాలంలో ఇంటికి వెళ్లి, వారు మళ్లీ వలస వెళ్లగానే ఫోస్టర్ కుటుంబానికి తిరిగివచ్చిన బిడ్డ కాలాన్ని ఎక్కడ తెంచాలి? శ్రీకాకుళం జిల్లాలో దొరికి మా వైపుకు బదిలీ అయిన బిడ్డకు మొదటి తేదీ ఏది? ఈ విషయాల్లో అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: బరంపురం_గణితం

వంశధార గారికి నమస్కారం. నేను బరంపురంలో గణాంకశాస్త్రం బోధిస్తాను. మీ మూడు అంకెలకూ పొంతన లేకపోవడానికి కారణం రిజిస్టర్లను సరిగా నిర్వహించకపోవడం కాదు. మూడు దారుల్లోనూ లెక్కలోకి వస్తున్న పిల్లలు వేరు. అడుగుతున్న ప్రశ్న ఒకటే అయినా ఎవరిని అడుగుతున్నామనేది మారితే జవాబు మారుతుంది.

మొదటి దారిని తీసుకుందాం. యాత్రికుల సత్రానికి ఒక రోజు హఠాత్తుగా వెళ్లి అక్కడున్న వారిని లెక్కపెడితే, ఒక రాత్రి ఉండి వెళ్లేవారికంటే నెలల తరబడి మకాం వేసినవారే ఎక్కువగా కనిపిస్తారు. ఒక్క రాత్రి ఉండేవారు మనం వెళ్లిన రోజునే అక్కడ ఉండే అవకాశం తక్కువ. పిల్లల లెక్కలో కూడా ఇదే జరుగుతుంది. ఒక ఉదాహరణ చూడండి, ఇది కేవలం ఊహ, ఏ జిల్లా లెక్కా కాదు. ప్రతి నెలా ఇద్దరు పిల్లలు వస్తారని, వారిలో ఒకరు నెల తిరిగేసరికి ఇంటికి వెళ్తారని, మరొకరు 24 నెలలు ఉంటారని అనుకుందాం. ఇలా కొన్నేళ్లు నడిచిన తర్వాత ఏ రోజు చూసినా అక్కడ 25 మంది ఉంటారు. వారిలో నెల రోజులకు వచ్చిన బిడ్డ ఒక్కరే, మిగిలిన 24 మందీ రెండేళ్లు ఉండేవారే. వచ్చిన పిల్లలందరి ప్రకారం చూస్తే సగటు 12.5 నెలలు. ఆ రోజు అక్కడున్న పిల్లలు మొదటి నుంచి చివరి వరకు ఉండే మొత్తం కాలం చూస్తే సగటు సుమారు 23 నెలలు. వారే ఆ రోజు వరకు గడిపిన కాలాన్ని మాత్రం చూస్తే సుమారు 11.5 నెలలు.

చివరి అంకె మొదటి అంకెకు దగ్గరగా ఉంది కదా అని దాన్ని నమ్మకండి. ఎక్కువకాలం ఉండేవారే లెక్కలో ఎక్కువగా పడటం వల్ల అంకె పెరిగింది, వారి కాలం ఇంకా పూర్తికాకపోవడం వల్ల దాదాపు సగానికి తగ్గింది. రెండు దోషాలు ఎదురెదురుగా వచ్చి ఈ ఉదాహరణలో ఒకదాన్నొకటి కప్పిపుచ్చాయి. మీ జిల్లాలో కూడా అలాగే కప్పిపుచ్చుతాయని అనుకోవడానికి ఆధారం లేదు.

రెండవ దారిలో, అంటే వెళ్లిపోయిన పిల్లలను మాత్రమే చూడడంలో, వేరే చిక్కు ఉంది. మన దేశంలో కుటుంబ ఆధారిత ఫోస్టర్ కేర్ ఇంకా కొత్తదే. బాలల న్యాయ చట్టం 2015లో వచ్చి 2016 జనవరి 15 నుంచి అమలైంది. ఫోస్టర్ కేర్ నమూనా మార్గదర్శకాలు 2016లో వచ్చాయి, వాటిని 2024లో సవరించారు. ఒక జిల్లాలో ఈ పని రెండేళ్ల క్రితం మొదలైతే, అక్కడ ఇప్పటివరకు వెళ్లిపోయిన ఏ బిడ్డా రెండేళ్లకు మించి ఉండి ఉండదు, ఉండడానికి వీలే లేదు. పదేళ్ల పాటు ఉండబోయే బిడ్డ ఈ లెక్కలోకి ఇప్పట్లో రాదు. అందువల్ల మొదట్లో సగటు చాలా తక్కువగా కనిపించి, కార్యక్రమం వయసు పెరిగేకొద్దీ ఏటేటా పెరుగుతుంది. పిల్లల పరిస్థితిలో ఏ మార్పూ లేకపోయినా ‘ఫోస్టర్ కేర్‌లో పిల్లలు మగ్గిపోతున్నారు’ అనే మాట పుడుతుంది. చాలామంది అధికారులు ఈ అంకెనే కోరడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఎందుకంటే ఇంకా ఇంటికి చేరని పిల్లలు, అంటే మనం ఎక్కువగా ఆలోచించవలసిన పిల్లలే, ఈ లెక్కలో లేకుండా పోతారు.

మూడవ దారి, చెల్లింపుల రిజిస్టరు, డబ్బు కదలికను చెబుతుంది గానీ బిడ్డ కదలికను చెప్పదు. దాని గురించి క్షేత్రంలో పనిచేసినవారు నాకంటే బాగా చెప్పగలరు.

సరైన పద్ధతి ఏమిటంటే, ఒక నిర్ణీత కాలంలో, ఉదాహరణకు ఒక ఆర్థిక సంవత్సరంలో, కొత్తగా వచ్చిన పిల్లలందరినీ ఒక జట్టుగా తీసుకుని వారు వచ్చిన రోజు నుంచి ముందుకు అనుసరించడం. అమెరికాలో రాష్ట్రాలు 1990ల నడుమ నుంచి ఏఎఫ్‌సీఏఆర్‌ఎస్ అనే జాతీయ సమాచార వ్యవస్థకు ఫోస్టర్ కేర్ వివరాలు పంపుతున్నాయి. అక్కడ సమాఖ్య ప్రభుత్వం చేసే సమీక్షలో సగటు కాలాన్ని అడగరు. ఒక ఏడాదిలో కొత్తగా వచ్చిన పిల్లల్లో 12 నెలల లోపు శాశ్వతమైన ఇంటికి చేరినవారు ఎంత శాతం అని అడుగుతారు. అప్పటికే 12 నుంచి 23 నెలలుగా ఉన్నవారికి, 24 నెలలు దాటినవారికి వేర్వేరు సూచికలు ఉన్నాయి. ఇలా విడదీయడం వల్ల పాత పిల్లల సంఖ్య కొత్త పిల్లల పరిస్థితిని కప్పివేయదు. షికాగోలోని చేపిన్ హాల్ అనే పరిశోధన సంస్థవారు ఎన్నో ఏళ్లుగా పిల్లలు వచ్చిన రోజు నుంచి అనుసరించే ఈ పద్ధతికే ప్రాధాన్యం ఇస్తూ వచ్చారు.

‘జట్టులో కొందరు ఇంకా ఫోస్టర్ ఇంట్లోనే ఉన్నారు, వారి కాలం తెలియదు కదా’ అనే సందేహం మీకు వస్తుంది. దానికి 1958లో కాప్లన్, మేయర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రచురించిన పద్ధతి ఉంది. వైద్యంలో రోగుల జీవితకాలాన్ని అంచనా వేయడానికి ప్రపంచమంతా దాన్నే వాడుతుంది. ఇంకా ముగియని కాలాన్ని పారేయకుండా, ముగిసినట్టు నటించకుండా, ‘కనీసం ఇంతకాలం ఉంది’ అనే సమాచారంగా వాడుకోవడమే అందులోని కీలకం.

కాగితం మీద చేసి చూపిస్తాను. ఇది కూడా ఊహా ఉదాహరణే. పది మంది పిల్లలు వచ్చారు. ముగ్గురు ఒకటవ, రెండవ, మూడవ నెలల్లో ఒక్కొక్కరుగా ఇంటికి వెళ్లారు. ఇద్దరు వచ్చి ఐదు నెలలే అయింది, ఇంకా అక్కడే ఉన్నారు. ఒకరు 8వ నెలలో, మరొకరు 14వ నెలలో వెళ్లారు. మిగిలిన ముగ్గురు 18 నెలలు దాటినా ఇంకా ఉన్నారు. మూడవ నెల తర్వాత ఉండిపోయిన వాటా పదిలో ఏడు, అంటే 0.70. ఎనిమిదవ నెల వచ్చేసరికి మనకు కనిపిస్తున్నవారు ఐదుగురు, వారిలో ఒకరు వెళ్లారు కాబట్టి 0.70ను ఐదింట నాలుగుతో గుణిస్తే 0.56. పద్నాలుగవ నెలలో కనిపిస్తున్న నలుగురిలో ఒకరు వెళ్లారు కాబట్టి 0.56ను నాలుగింట మూడుతో గుణిస్తే 0.42. వాటా సగానికి దిగువకు పడిన నెల 14. కాబట్టి మధ్యగత కాలం, అంటే సగం మంది వెళ్లిపోవడానికి పట్టే కాలం, 14 నెలలు. అదే వెళ్లిపోయిన ఐదుగురి సగటు మాత్రమే తీస్తే 28 నెలలను ఐదుతో భాగించి 5.6 నెలలు అని రాసేవాళ్లం. పిల్లలు వారే, తేదీలు అవే. ఒక లెక్క ఆరు నెలలు కూడా కాదంటుంది, మరొకటి ఏడాది దాటిందంటుంది. దీనికి ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్ అక్కరలేదు, ఎక్సెల్ షీటులో నాలుగు నిలువు వరుసలు చాలు.

జవాబు: మహేంద్రగిరి

గణితం గారు చెప్పినది చాలా స్పష్టంగా ఉంది. అయితే లెక్క మొదలుపెట్టకముందే తేల్చుకోవలసిన విషయం ఒకటి ఉంది: ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు? నేను గజపతి జిల్లాలో ఈ పనిలో చాలా కాలం గడిపాను. మన దగ్గర ఒక్కో ఫైలులో బిడ్డ ఫోస్టర్ కేర్ మొదలైన తేదీగా మూడు తేదీలు కనిపిస్తాయి. బిడ్డ ఆ ఇంట్లో నిజంగా అడుగుపెట్టిన రోజు, బిడ్డ ఎక్కడ ఉండాలో నిర్ణయించే బాలల సంక్షేమ సమితి ఉత్తర్వు మీద ఉన్న రోజు, మొదటి నెల డబ్బు కుటుంబం ఖాతాలో పడిన రోజు. కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకమైన మిషన్ వాత్సల్య కింద నెలకు 4000 రూపాయలు నిర్ణయించి ఉన్నా, ఆ డబ్బు మొదటి నెలలోనే అందుతుందని చెప్పలేం. కొన్నిసార్లు పాత నెలల మొత్తం ఒకేసారి వస్తుంది. చెల్లింపుల రిజిస్టరు చూసి కాలాన్ని లెక్కించేవారికి బిడ్డ నెలల తర్వాత వచ్చినట్టు కనిపిస్తుంది. సమితి సభ్యుల పదవీకాలం ముగిసి కొత్తవారు రావడం ఆలస్యమైనప్పుడు ఉత్తర్వు తేదీ కూడా వెనకబడుతుంది. బిడ్డ ఎదుగుదలకు సంబంధించినంతవరకు మొదటి తేదీ ఒక్కటే నిజం. మిగిలిన రెండు తేదీలను కూడా నమోదు చేయండి, ఎందుకంటే వాటి మధ్య దూరం మన వ్యవస్థ ఎంత నెమ్మదిగా కదులుతోందో చూపిస్తుంది. కాలాన్ని మాత్రం మొదటి తేదీ నుంచే లెక్కించండి.

రెండవది, ఒకే బిడ్డకు మూడు గడియారాలు నడుస్తుంటాయి. సొంత ఇంటికి దూరమైన రోజు నుంచి నడిచేది ఒకటి, ఫోస్టర్ కేర్‌లోకి వచ్చిన రోజు నుంచి నడిచేది ఇంకొకటి, ప్రస్తుతం ఉన్న ఇంట్లో నడుస్తున్నది మూడవది. మన జిల్లాల్లో పిల్లలు నేరుగా ఫోస్టర్ కుటుంబానికి రావడం అరుదు. ముందు బాలల సంరక్షణ సంస్థలో ఉంచుతారు, అక్కడి నుంచి కొందరిని కుటుంబాలకు పంపుతారు. మూడేళ్లు సంస్థలో గడిపి నాలుగు నెలల క్రితం ఫోస్టర్ ఇంటికి వచ్చిన బిడ్డను ‘నాలుగు నెలలు’ అని రాస్తే, ఆ మూడేళ్లు ఎవరి లెక్కలోనూ ఉండవు. సంస్థలో ఉంచడం చివరి మార్గంగానే ఉండాలని చట్టంలోని మూల సూత్రాలే చెబుతున్నప్పుడు, ఆ కాలాన్ని కనిపించకుండా చేయడం సరికాదని నా గట్టి అభిప్రాయం. కాబట్టి ‘ఇంటికి దూరంగా గడిపిన కాలం’ ప్రధాన లెక్కగా ఉండాలి. ‘ఈ ఇంట్లో గడిపిన కాలం’ రెండవ లెక్కగా ఉండాలి. ఇల్లు మారిన బిడ్డను మొదటి లెక్కలో ఒక్కరిగానే చూస్తాం, రెండవ లెక్కలో ఆ రెండు ఇళ్లూ రెండు వరుసలుగా వస్తాయి. ఇళ్ల మార్పులను విడిగా చూపాలనుకుంటే అమెరికాలో చేసినట్టు ప్రతి 1000 రోజులకు ఎన్ని మార్పులు అని లెక్కించవచ్చు. తక్కువకాలం ఉన్నవారినీ ఎక్కువకాలం ఉన్నవారినీ ఒకే కొలతతో చూడడానికి అది ఉపయోగపడుతుంది.

ఇటుక బట్టీల విషయం మన జిల్లాల్లో చాలా ముఖ్యమైనది. కార్తీకం తర్వాత తెలంగాణ, ఆంధ్ర బట్టీలకు వెళ్లి, వానలు మొదలయ్యే వేళకు తిరిగివచ్చే కుటుంబాల పిల్లలు ప్రతి ఏటా ఇలా వచ్చిపోతుంటారు. దీనికి ముందే ఒక నియమం పెట్టుకుని, ఆ నియమాన్ని నివేదికలోనే రాయాలి. నేను సూచించేది ఇది: పండుగకో, ఇంట్లో పెళ్లికో, చావుకో కొద్ది రోజులు వెళ్లి రావడం ముగింపు కాదు. సంస్థల్లో ఉన్న పిల్లలకు ఇలాంటి సందర్భాల్లో సాధారణంగా ఏడు రోజులకు మించకుండా సెలవు ఇవ్వవచ్చని చట్టంలోని 98వ సెక్షన్ చెబుతోంది, దాన్నే మనం కొలబద్దగా తీసుకోవచ్చు. సమితి బిడ్డను తల్లిదండ్రులకు అప్పగిస్తూ ఉత్తర్వు ఇస్తే అది ముగింపు. ఆ తర్వాత వలస కాలంలో మళ్లీ వస్తే అది పునఃప్రవేశం, దాన్ని కొత్త వరుసలో రాసి పాత వరుస సంఖ్యను పక్కన వేయాలి. అలా చేయకపోతే ప్రతి ఏటా ఆరు నెలలు బయట ఉండే బిడ్డ, ఒక్కసారి ఆరు నెలలు ఉండి ఇంటికి వెళ్లి స్థిరపడిన బిడ్డ, ఇద్దరూ కాగితం మీద ఒకేలా కనిపిస్తారు.

ఇక దత్తత సంగతి. దత్తతకు అర్హత ఉన్నట్టు సమితి గుర్తించిన బిడ్డను దీర్ఘకాల ఫోస్టర్ కేర్‌కు ఇవ్వకూడదని చట్టం చెబుతోంది. అయితే పరిస్థితులు మారి, ఫోస్టర్ కుటుంబంలో ఉన్న బిడ్డ తర్వాత దత్తతకు అర్హత పొందితే, 2024 సవరణ ప్రకారం రెండేళ్ల తర్వాత ఆ కుటుంబమే దత్తతకు ముందుకు రావచ్చు. అంతకుముందు ఆ గడువు ఐదేళ్లు. దీని ప్రభావం లెక్కలో కనిపిస్తుంది: 24 నెలల దగ్గర ముగింపులు హఠాత్తుగా పెరగవచ్చు. ఆ రోజు బిడ్డ గుమ్మం దాటదు, అదే మంచం మీద పడుకుంటుంది, బడి మారదు. కాగితం మాత్రం మారుతుంది. అటువంటి ముగింపును ‘ఇల్లు విడిచి వెళ్లినవారు’ అనే గడిలో కలపకండి.

సరిహద్దు గురించి మీరు అడిగినది మాకు నిత్యం ఎదురయ్యేదే. నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్లే రైలుకు రాష్ట్ర సరిహద్దు ఒక ఆగే చోటు కూడా కాదు. పలాస స్టేషనులో దొరికిన బిడ్డది మన జిల్లా అని తేలితే 95వ సెక్షన్ కింద శ్రీకాకుళం సమితి నుంచి మన సమితికి బదిలీ అవుతుంది. అక్కడ ఫైలు ‘బదిలీ’ అని ముగుస్తుంది, ఇక్కడ కొత్త సంఖ్యతో మొదలవుతుంది. బిడ్డ ఇంటికి దూరమైన కాలం మాత్రం తెగలేదు. అక్కడ సమితి ముందు మొదటిసారి హాజరుపరిచిన తేదీని బదిలీ కాగితాల నుంచి తీసుకుని మీ మొదటి వరుసలో వేసుకోండి. ‘బదిలీ’ని అక్కడ ముగింపుగా, ఇక్కడ కొత్త మొదలుగా చూపిస్తే, సరిహద్దు పిల్లల కాలం ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది.

జవాబు: ప్రాణహిత_సిరొంచ

నేను గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా నుంచి రాస్తున్నాను. మహారాష్ట్రలో తెలుగు మాట్లాడే మా ప్రాంతంలో ఎదురయ్యే ఒక విషయం మీకూ పనికివస్తుందేమో. ఇక్కడ బాల సంగోపన్ యోజన అనే పథకం ఉంది. ఇప్పుడు దానికి క్రాంతిజ్యోతి సావిత్రిబాయి ఫులే పేరు చేర్చారు. సంస్థల్లో చేర్చకుండా కుటుంబంలోనే పిల్లలు పెరగాలనేది దాని ఉద్దేశం, అది మంచి ఉద్దేశం. అయితే దాని లబ్ధిదారుల్లో భర్త చనిపోయిన తల్లి దగ్గరే ఉంటున్న పిల్లలు ఎందరో ఉంటారు. ఆ పిల్లలు ఇల్లు విడిచి ఎక్కడికీ వెళ్లలేదు. చట్టం ప్రకారం ఫోస్టర్ కుటుంబంలో బిడ్డ కన్న తల్లిదండ్రులు గానీ దత్తత తల్లిదండ్రులు గానీ ఉండకూడదు. ఆ పిల్లలను ఫోస్టర్ కేర్ జాబితాలో కలిపితే, పద్దెనిమిదేళ్లు నిండేవరకు సహాయం అందుతూనే ఉంటుంది కాబట్టి ‘కాలం’ విపరీతంగా పెరిగిపోతుంది. సహాయం ఎక్కువకాలం అందడం అక్కడ శుభవార్త, ఫోస్టర్ కేర్‌లో ఎక్కువకాలం ఉండడం మాత్రం ఆలోచించవలసిన విషయం. ఈ రెండింటినీ ఒకే గడిలో పోయడం ఆ తల్లులకూ అన్యాయమే.

ఒడిశాలో కూడా 2021లో కరోనా సమయంలో అనాథలైన పిల్లలకు వచ్చిన ఆశీర్వాద్ పథకం, చట్టంలోని 45వ సెక్షన్ కింద స్పాన్సర్‌షిప్, అంటే పిల్లల పోషణకు ఇచ్చే ఆర్థిక సహాయం, ఉన్నాయి కదా. మీ జాబితా చెల్లింపుల నుంచి తయారైనదైతే, ఎవరు ఏ పథకం కింద ఉన్నారో ముందు వేరుచేయండి. అమ్మమ్మ, మేనమామ వంటి బంధువుల దగ్గర సమితి ఉత్తర్వుతో ఉన్న పిల్లలను ఫోస్టర్ కేర్‌లోనే ఉంచండి, కానీ ‘బంధువుల ఇల్లు’ అని వేరే గుర్తు పెట్టండి. అక్కడ ఎక్కువకాలం ఉండడానికీ, పరిచయం లేని ఇంట్లో ఎక్కువకాలం ఉండడానికీ అర్థం ఒకటి కాదు.

జవాబు: ఫోస్టర్_అమ్మ

నేను లెక్కలు తెలిసినదాన్ని కాదు గానీ, మా ఇంట్లో ఒక పాప పెరుగుతోంది కాబట్టి ఒక మాట చెప్పాలనిపించింది. పాప వివరాలు ఇక్కడ రాయడం తగదు. మా ఇంటికి వచ్చినప్పుడు ‘కొద్ది నెలలే’ అన్నారు. ఆ తర్వాత పొడిగింపు, మళ్లీ పొడిగింపు. ఎంతకాలం ఉందన్నది ఒక ఎత్తు అయితే, ఎంతకాలం ఉంటుందని ఆ బిడ్డకు చెప్పామన్నది మరో ఎత్తు. బడిలో చేర్చాలా, ఇంటి దగ్గరి బడి కోసం ఆగాలా, ఒడియా మాధ్యమమా, తెలుగా అన్నవన్నీ ఆ మాట మీద ఆధారపడ్డాయి. మొదటి రోజు అనుకున్న గడువును, చివరికి గడిచిన కాలాన్ని పక్కపక్కన రాస్తే, ఎన్నిసార్లు పిల్లలకు ఇచ్చిన మాట దాటిపోయిందో మీకే కనిపిస్తుంది. వీలుంటే ఆ వరుస కూడా పెట్టండి బాబూ. బిడ్డ ఇంట్లో మాట్లాడే భాష, ఫోస్టర్ ఇంట్లో మాట్లాడే భాష కూడా రాయండి. మా పాప మొదట్లో సవర తప్ప మరో మాట ఎరుగదు. ఆ రోజులు తనకు ఎంత కష్టంగా గడిచాయో మేము చూశాం.

ప్రశ్నించినవారి స్పందన: వంశధార_గుణుపురం

అందరికీ కృతజ్ఞతలు. అమ్మ గారూ, మీరు చెప్పిన రెండు వరుసలూ తప్పకుండా చేరుస్తాను. అనుకున్న గడువు సమితి ఉత్తర్వుల్లో ఉంటుంది కాబట్టి దాన్ని వెతికి తీయడం కష్టం కాదు. మార్గదర్శకాల్లో ఏడాదికి మించనిది స్వల్పకాలం, మించినది దీర్ఘకాలం అనే విభజన ఉంది. స్వల్పకాలంగా మొదలై దీర్ఘకాలంగా మారిన పిల్లలు ఎవరో ఆ వరుసలోనే తెలుస్తుంది.

గణితం గారిని ఇంకొక్క విషయం అడగాలని ఉంది. మా జిల్లాలో ఒక ఏడాదిలో కొత్తగా వచ్చే పిల్లలు చాలా కొద్దిమంది. అంత చిన్న జట్టుకు మధ్యగతం తీస్తే దానికి విలువ ఉంటుందా? రెండవది, పై అధికారులు సహజంగానే కాలం తగ్గాలని కోరుకుంటారు. తగ్గడం ఎప్పుడూ మంచిదేనా?

జవాబు: బరంపురం_గణితం

రెండవ ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అది పిల్లల జీవితాలకు నేరుగా తగులుతుంది. కాలం తగ్గడం దానంతట అది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. బిడ్డ ఎక్కడికి వెళ్లిందో తెలియకుండా ఆ అంకెను చదవకూడదు. తల్లిదండ్రుల దగ్గరకు వెళ్లడం, బంధువుల దగ్గరకు వెళ్లడం, దత్తత, తిరిగి సంస్థకు వెళ్లడం, చెప్పకుండా వెళ్లిపోవడం, 18 ఏళ్లు నిండి వెళ్లడం అన్నవి వేర్వేరు ముగింపులు. ఫోస్టర్ ఇంట్లో సర్దుబాటు కాక రెండు నెలల్లో సంస్థకు తిరిగివెళ్లిన బిడ్డ కూడా సగటును తగ్గిస్తుంది, దాన్ని విజయంగా రాయడం చాలా పెద్ద అన్యాయం. అందుకే ప్రతి ముగింపునూ దాని కారణంతో నమోదు చేసి, ‘12 నెలలు గడిచేసరికి తల్లిదండ్రుల దగ్గరకు చేరినవారు ఇంతమంది, బంధువుల దగ్గరకు ఇంతమంది, సంస్థకు ఇంతమంది, ఇంకా ఫోస్టర్ ఇంట్లోనే ఉన్నవారు ఇంతమంది’ అని రాయండి. నేను ముందు చూపిన లెక్క ‘ఏదో ఒక విధంగా ముగియడానికి’ పట్టిన కాలాన్ని ఇస్తుంది. ఒక్కో రకం ముగింపుకు దాన్ని విడివిడిగా వేసి, మిగిలిన ముగింపులను ‘ఇంకా ఉన్నారు’ అన్నట్టుగా లెక్కిస్తే ఆ రకంగా ముగిసినవారి వాటా ఉన్నదానికంటే పెద్దదిగా వస్తుంది. అలా చేయవద్దు.

ఇంటికి చేరిన పిల్లల్లో 12 నెలల లోపు తిరిగి వచ్చినవారు ఎందరో కూడా తప్పక చూపండి. అమెరికా సమీక్షలో కూడా పునఃప్రవేశానికి ప్రత్యేక సూచిక ఉంది. తొందరపడి ఇంటికి పంపడం వల్ల కాలం తగ్గినట్టు కనిపిస్తే, ఆ విషయాన్ని ఈ అంకె బయటపెడుతుంది. మహేంద్రగిరి గారు చెప్పిన వలస పిల్లలు ఇందులోనే కనిపిస్తారు.

వయసు మరచిపోవద్దు. పదహారేళ్లకు వచ్చిన బిడ్డ రెండేళ్లకు మించి ఉండడానికి వీలు లేదు, ఏడేళ్లకు వచ్చిన బిడ్డ పదకొండేళ్లు ఉండవచ్చు. ఒక ఏడాది పెద్ద పిల్లలు ఎక్కువగా వస్తే, మన పని ఏమీ మారకపోయినా కాలం తగ్గుతుంది. వచ్చిననాటి వయసును కనీసం 12 ఏళ్లకు లోపు, పైన అని రెండు భాగాలుగానైనా విడదీయండి.

ఇక చిన్న జట్టు విషయం. పది మంది కూడా లేని జట్టులో ఒక్క బిడ్డ వెళ్లే తేదీ మారితే మధ్యగతం కొన్ని నెలలు అటూ ఇటూ జరుగుతుంది. అందువల్ల మూడు సంవత్సరాల్లో వచ్చినవారిని ఒకే జట్టుగా కలపండి, పథకం నియమాలు మధ్యలో మారితే మాత్రం అక్కడ విడదీయండి. రాయగడ, గజపతి, కోరాపుట్ జిల్లాలవారు ఒకే నిర్వచనాలతో రాయడానికి అంగీకరిస్తే మూడింటినీ కలిపి చూడవచ్చు. అప్పటివరకు మీ జిల్లా లోపల వాడుకోవడానికి సగటు కంటే పిల్లల వరుసే ఎక్కువ ఉపయోగపడుతుంది: ఒక్కో బిడ్డకు ఒక్కో అడ్డగీత, మొదటి తేదీ నుంచి చివరి తేదీ వరకు, ఇంకా ఉన్నవారి గీత చివర బాణం గుర్తు. ఇల్లు మారిన చోట ఒక చుక్క పెట్టండి. ఫోస్టర్ కుటుంబాలను ప్రతి నెలా పరిశీలించాలని చట్టమే చెబుతోంది కాబట్టి, ఆ నెలవారీ పరిశీలన రోజునే గీతలను పొడిగించవచ్చు. అయితే ఆ పటాన్ని కార్యాలయం దాటనివ్వకండి. చిన్న తాలూకాలో తేదీ, వయసు, ముగింపు కారణం మూడూ కలిస్తే పేరు లేకపోయినా బిడ్డ ఎవరో ఊరివారికి తెలిసిపోతుంది. పిల్లల గుర్తింపును వెల్లడించడాన్ని చట్టంలోని 74వ సెక్షన్ నిషేధించింది. పైకి పంపే నివేదికలో ఐదుగురి కంటే తక్కువ ఉన్న గడులను పక్క గడితో కలిపి రాయండి.

మీ నివేదికలో ఆ ఒక్క గడిలో ఏదో ఒకటి రాయక తప్పదు అంటే, కొత్తగా వచ్చిన పిల్లల మధ్యగతం రాసి, కింద రెండు వాక్యాలు చేర్చండి: ఏ సంవత్సరాల్లో వచ్చిన పిల్లలు, మొదటి తేదీగా దేన్ని తీసుకున్నారు. సగం మంది ఇంకా వెళ్లకపోవడం వల్ల మధ్యగతం రాకపోతే, ‘ఇన్ని నెలలకు ఇంతమంది ఇంకా ఫోస్టర్ కేర్‌లో ఉన్నారు’ అని అదే గడిలో రాయవచ్చు. అది కూడా పూర్తి జవాబే. మీ షీటులో సూత్రాలు వేయడంలో సందేహం వస్తే, పిల్లల వివరాలు తీసేసి తేదీలకు బదులు రోజుల సంఖ్యలు మాత్రం ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.